ప్రైవసీ పాలసీ అంతా చదవక్కర్లేదు, హద్దులు చూస్తే చాలు

ఫోన్లో టార్చిలైటు కావాలంటే విడిగా యాప్ వేసుకోవాల్సిన రోజుల్లో ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే ఆండ్రాయిడ్ యాప్‌ను కోట్ల మంది వాడారు. ఫోన్ వెనక ఉన్న ఫ్లాష్‌ను వెలిగించడం తప్ప దానికి వేరే పని లేదు. సేకరించిన సమాచారాన్ని కంపెనీ తన అవసరాలకు వాడుకుంటుందని దాని ప్రైవసీ పాలసీలో రాసి ఉంది. ఫోన్ ఎక్కడుందో, దాన్ని గుర్తుపట్టే నంబరేదో ప్రకటనల సంస్థలకు పంపుతున్నామని మాత్రం రాయలేదు. అంతకంటే విడ్డూరం ఇంకొకటి ఉంది. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ‘ఒప్పుకుంటున్నాను’, ‘వద్దు’ అని రెండు బటన్లు కనిపించేవి. వాడేవాళ్లు ఏదో ఒకటి నొక్కేలోపే సమాచారం వెళ్లిపోయేది. వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 2013 డిసెంబరులో ఈ కేసు తేల్చి, అప్పటిదాకా పోగేసినదంతా చెరిపేయాలని కంపెనీకి షరతు పెట్టింది.

పాలసీలో రాసింది ఒకటి, చేసింది ఇంకొకటి అయినప్పుడు చదివి ఏం లాభమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కమిషన్‌కు పట్టు దొరికింది ఆ పాలసీలోనే. వ్యక్తిగత సమాచారం మొత్తానికీ వర్తించే చట్టం అమెరికాలో జాతీయ స్థాయిలో అప్పుడు లేదు, ఇప్పటికీ లేదు. చెప్పిన మాటకూ చేసిన పనికీ పొంతన లేదు కాబట్టే అది వినియోగదారులను మోసం చేయడం కిందికి వచ్చింది. మహిళల నెలసరి వివరాలు నమోదు చేసుకునే ‘ఫ్లో’ యాప్‌పై 2021లో అదే కమిషన్ తీసుకున్న చర్యకూ ఆధారం ఇదే. ఆరోగ్య వివరాలు బయటికి పోనివ్వమని మాటిచ్చి, వాటిని ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు చేరవేసిందన్నది ఆరోపణ.

కాబట్టి ప్రైవసీ పాలసీని కంపెనీ తన చేత్తో రాసిచ్చిన కాగితంగా చూడాలి. అది కంపెనీ లాయర్లు కంపెనీని కాపాడుకోవడానికి రాసుకున్నదే, వాడేవాళ్లకు అందులో బేరమాడే వీలు లేదు. అయినా యాప్ ఏం తీసుకుంటుందో, ఎవరికిస్తుందో కంపెనీయే వివరంగా ఒప్పుకునే ముఖ్యమైన చోటు అదే. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందుగా చూపించాల్సిందీ అదే.

మొత్తం చదవడం అయ్యే పని కాదు

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలీసియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లో ఒక లెక్క కట్టారు. సగటు అమెరికన్ ఏడాదిలో తాను చూసే వెబ్‌సైట్ల పాలసీలన్నీ చదవాలంటే దాదాపు 244 గంటలు పడుతుందని తేలింది. యాప్‌ల వరద అప్పటికింకా మొదలే కాలేదు. తర్వాత జొనాథన్ ఓబార్, ఆన్ ఓల్డార్ఫ్-హర్ష్ అనే పరిశోధకులు 543 మంది విద్యార్థులను ఒక ఉత్తుత్తి సోషల్ నెట్‌వర్క్‌లో చేరమన్నారు. చేరినందుకు ప్రతిఫలంగా తమ మొదటి బిడ్డను ఇచ్చేయాలని నిబంధనల్లో ఒక మాట ఇరికించారు. 98 శాతం మంది దాన్ని గమనించలేదు. అరగంట పట్టే పాలసీని తెరిచి చూసినవాళ్లు కూడా దాని మీద సగటున 73 సెకన్లే గడిపారు.

ఇందులో జనాన్ని తప్పుపట్టేందుకు ఏమీ లేదు. పొలం కొనేవాళ్లు దస్తావేజులో ప్రతి అక్షరం చదవరు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అమ్మేవాళ్ల పేర్లు చూసుకుంటారు. పాలసీకీ అలాంటి హద్దులున్నాయి. ఎక్కడ చూడాలో తెలిస్తే ఐదు నిమిషాల పని.

ఫోన్లో క్రోమ్‌లో పాలసీ పేజీ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కితే ‘ఫైండ్ ఇన్ పేజ్’ అని వస్తుంది. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కాలి. దాదాపు అన్ని పాలసీలూ ఇంగ్లీషులోనే ఉంటున్నాయి కాబట్టి వెతకాల్సిన మాటలు కూడా ఇంగ్లీషులోనే టైప్ చేయాలి: షేర్ (share), థర్డ్ పార్టీ (third party), అఫిలియేట్ (affiliate), కాంటాక్ట్స్ (contacts), లొకేషన్ (location), రిటెయిన్ (retain), డిలీట్ (delete), గ్రీవెన్స్ (grievance). ఈ ఎనిమిది మాటలు ఎక్కడ తగిలితే అక్కడ ముందు వెనక రెండు వాక్యాలు చదివితే పాలసీ అసలు రంగు చాలావరకు బయటపడుతుంది. ఒక్క మాటా దొరకకపోతే అదీ ఒక సమాచారమే. ఖాతా ఎలా మూయాలో, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాయని పాలసీ ఉన్న యాప్‌కు ఆధార్ నంబరు ఇవ్వడం తెలివైన పని కాదు.

ఏం తీసుకుంటుంది, ఎవరికిస్తుంది

సేకరణ భాగంలో సాధారణంగా మూడు రకాలుంటాయి: మనమే టైప్ చేసి ఇచ్చేది, యాప్ తనంతట తాను ఫోన్‌లోంచి తీసుకునేది, బయటివాళ్ల దగ్గర తెచ్చుకునేది. పేరు, నంబరు, ఈమెయిల్ మొదటి రకం. వాటి మీద సమయం వృథా చేయనక్కర్లేదు, మనమే ఇస్తున్నాం కాబట్టి తెలిసే ఉంటుంది. చదవాల్సింది రెండో రకం. ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఫోన్ చిరునామా), ప్రకటనల ఐడీ (ప్రకటనలు చూపించడానికి ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు నంబరు) దాదాపు ప్రతి యాప్ తీసుకుంటుంది. వాటితో పాటు కాంటాక్టుల జాబితా, ఎస్సెమ్మెస్‌లు, ఫోన్‌లో ఏయే యాప్‌లున్నాయన్న జాబితా కూడా కనిపిస్తే అక్కడ ఆగాలి. జీతం ఎప్పుడు పడింది, ఏ ఈఎంఐ బౌన్స్ అయింది, ఖాతాలో ఎంత మిగిలింది, అన్నీ బ్యాంకు ఎస్సెమ్మెస్‌లలోనే ఉంటాయి. యాప్‌ల జాబితా చూస్తే మనిషి ఏ మతం క్యాలెండర్ చూస్తారో, ఏ జబ్బుకు మందులు వాడుతున్నారో కూడా ఊహించొచ్చు. ‘వంటివి’, ‘వీటికే పరిమితం కాకుండా’ అన్న అర్థం వచ్చే మాటలు జాబితా చివర తగిలిస్తే, ఆ జాబితాకు హద్దు లేనట్టే లెక్క.

పంచుకునే భాగంలో ఎవరెవరికి ఇస్తారన్న దగ్గర మూడు మాటలు కలిసి వస్తుంటాయి, వాటి మధ్య తేడా చాలా ఉంది. ‘సర్వీస్ ప్రొవైడర్లు’ అంటే కంపెనీ పని చేసిపెట్టేవాళ్లు. ఓటీపీ పంపే సంస్థ, సర్వర్ అద్దెకిచ్చే సంస్థ వంటివి. వాళ్లు ఆ సమాచారాన్ని తమ సొంతానికి వాడకూడదని సాధారణంగా ఒప్పందం ఉంటుంది. ‘పార్ట్‌నర్స్’ అలా కాదు. వాళ్ల వ్యాపారానికి వాళ్లు వాడుకుంటారు. లోన్ కావాలా అంటూ ముక్కూ ముఖం తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలవడానికి చాలాసార్లు దారి ఇదే. ‘అఫిలియేట్స్’ అంటే అదే గ్రూపులోని ఇతర కంపెనీలు. షాపింగ్ యాప్, బీమా, రుణాలు, పేమెంట్లు అన్నీ ఒకే గొడుగు కింద నడిపే గ్రూపులో ఈ ఒక్క మాటతో కిరాణా ఆర్డర్ల చరిత్ర బీమా విభాగం దాకా వెళ్లగలదు. ఎవరికి అన్నదానికి పేర్లు ఇచ్చిన పాలసీ, ‘విశ్వసనీయ భాగస్వాములు’ అని ఊరుకున్న పాలసీ కంటే ఎప్పుడూ మెరుగు.

‘మీ డేటాను మేం అమ్మం’ అన్న వాక్యాన్ని మాత్రం పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. డబ్బు చేతులు మారకుండా, ప్రకటనల కోసం ఇచ్చిపుచ్చుకుంటే దాన్ని అమ్మకం అనరు. ఈ సందు పూడ్చడానికే కాలిఫోర్నియా చట్టంలో ‘అమ్మకం’తో పాటు ‘పంచుకోవడం’ అన్న మాటనూ చేర్చారు, 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. అక్కడున్న తెలుగువాళ్లకు వెబ్‌సైట్ అడుగున ‘నా సమాచారం అమ్మవద్దు, పంచుకోవద్దు’ అనే అర్థంతో ఒక లింకు కనిపిస్తుంది. దాన్ని నొక్కడానికి ఖాతా కూడా అవసరం లేదు. అమెరికాలో కార్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. జనరల్ మోటార్స్ కార్లలో ‘స్మార్ట్ డ్రైవర్’ అనే సదుపాయం ద్వారా ఎంత వేగంగా నడిపారు, ఎన్నిసార్లు సడన్ బ్రేకు వేశారు అన్న వివరాలు బీమా కంపెనీలకు నివేదికలిచ్చే సంస్థలకు చేరుతున్నాయని 2024లో బయటపడింది. ప్రీమియం ఎందుకు పెరిగిందో తెలియని డ్రైవర్లు తమ నివేదిక తెప్పించుకుని చూస్తే తమ ప్రయాణాలే అందులో ఉన్నాయి. కారు కొనేటప్పుడు షోరూంలో పెట్టిన టిక్కులకు కూడా పాలసీ ఉంటుందని అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

కంపెనీ చేతులు మారితే ఏమవుతుందన్న వాక్యం పాలసీలో చివరెక్కడో ఉంటుంది. విలీనం, అమ్మకం, దివాలా సందర్భాల్లో వినియోగదారుల సమాచారం కూడా ఆస్తిలో భాగంగా బదిలీ కావచ్చని అందులో రాస్తారు. ఉత్త లాంఛనంలా కనిపించే ఈ వాక్యం విలువ 2025 మార్చిలో తెలిసొచ్చింది. లాలాజలం పంపితే జన్యు నివేదిక ఇచ్చే ‘23 అండ్ మీ’ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. దాని చేతిలో కోటిన్నర మంది జన్యు వివరాలున్నాయి. ఇలాంటి బదిలీకి అవకాశం ఉందని దాని పాలసీలో ముందే ఉంది. సమాచారాన్ని చెరిపించుకోమని, నమూనాను నాశనం చేయాలని కంపెనీని అడగమని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ వినియోగదారులకు చెప్పాల్సి వచ్చింది. జన్యువుల విషయంలో నష్టం లాలాజలం పంపినవాళ్లతో ఆగదు, అన్నదమ్ములకూ పిల్లలకూ తగులుతుంది.

ఎంతకాలం ఉంచుకుంటారన్న దగ్గర ‘అవసరమైనంత కాలం’ అని రాస్తే ఏమీ రాయనట్టే. అయితే అన్ని సందర్భాల్లోనూ కంపెనీ ఇష్టమే కాదు. బ్యాంకు ఖాతా మూసేసినా కేవైసీ కాగితాలను ఐదేళ్లు ఉంచాలని మనీలాండరింగ్ నిరోధక చట్టమే చెబుతుంది. అక్కడ చెరిపేయమని పట్టుబట్టి లాభం లేదు. ఫొటోలకు రంగులద్దే యాప్‌కు అలాంటి చట్టపరమైన బాధ్యతేమీ లేదు, అది కూడా ‘అవసరమైనంత కాలం’ అంటే మాత్రం అనుమానించాలి.

లోన్ యాప్ పాలసీని దగ్గరగా చూస్తే

ప్రైవసీ పాలసీ చదవకపోవడం వల్ల తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ నష్టం జరిగింది లోన్ యాప్‌ల దగ్గరే. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి అరెస్టులు చేసేనాటికి వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు ఐదు వేలో పదివేలో. వసూలుకు వాడిన ఆయుధం మాత్రం ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా. బాకీదారు ఫొటోను మార్ఫింగ్ చేసి అత్తగారికీ, ఆఫీసులో మేనేజరుకూ, స్కూలు వాట్సాప్ గ్రూపుకూ పంపేవాళ్లు. ఆ జాబితా ఎవరూ దొంగిలించలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘అలో’ నొక్కితే వచ్చింది.

అలాంటి యాప్‌ల పాలసీల్లో కనిపించే ఒక రకం వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘మీ కాంటాక్టులు, కాల్ వివరాలు, ఎస్సెమ్మెస్‌లు, పరికర సమాచారం వంటివాటిని మీ అర్హతను అంచనా వేయడానికి, మోసాలను నివారించడానికి, బకాయిల వసూలుకు వాడవచ్చు, అవసరమైతే మా భాగస్వాములకు ఇవ్వవచ్చు.’ అర్హత, మోసాల నివారణ అన్న రెండు మర్యాదైన కారణాల వెనక మూడోదాన్ని దాచారు. వసూలుకు కాంటాక్టులు ఎందుకు అని ఒక్క క్షణం ఆలోచిస్తే జవాబు తెలిసిపోతుంది. పైగా ‘వాడవచ్చు’, ‘ఇవ్వవచ్చు’ అన్న చోట ‘వాడతాం’, ‘ఇస్తాం’ అనే చదువుకోవాలి. కంపెనీ తనకు అనుమతి ఉంచుకున్న ప్రతిదీ ఏదో ఒక రోజు చేస్తుందనుకోవడమే క్షేమం.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన డిజిటల్ రుణ మార్గదర్శకాలు, వాటి స్థానంలో 2025 మేలో వచ్చిన ఆదేశాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. రుణ యాప్ ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ వంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ స్పష్టమైన సమ్మతితో తీసుకోవచ్చు. సమాచారాన్ని దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి. పాలసీ అందరికీ కనిపించేలా ఉండాలి, సమాచారం అందుకునే బయటి సంస్థల వివరాలు అందులో ఇవ్వాలి. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతిని తీసేసింది. అందుకే ఇప్పుడు దొంగ యాప్‌లు వాట్సాప్ లింకుల్లో ఏపీకే ఫైళ్లుగా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైళ్లు) తిరుగుతున్నాయి. ప్లే స్టోర్ బయట నుంచి లోన్ యాప్ వేసుకోమన్నారంటే ఇక పాలసీ దాకా వెళ్లక్కర్లేదు.

ప్లే స్టోర్‌లోనే ఉన్న యాప్ అయితే చూడాల్సిన వరస ఇది. ముందు పాలసీలో అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) పేరు ఉందా అని వెతకాలి. చాలాసార్లు యాప్ కేవలం మధ్యవర్తి, అప్పు ఇచ్చే సంస్థ వేరే ఉంటుంది. ఆ పేరు లేకపోతే ఆగిపోవాలి. పేరుంటే, తన నియంత్రణలో ఉన్న సంస్థల రుణ యాప్‌ల జాబితాను ఆర్‌బీఐ 2025 నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది, అందులో యాప్ పేరూ సంస్థ పేరూ జతగా ఉన్నాయేమో చూడాలి. ఆ జాబితా సంస్థలు సమర్పించిన వివరాలతో తయారైందే తప్ప ఆర్‌బీఐ ఒక్కో యాప్‌నూ పరీక్షించి ముద్ర వేసింది కాదన్నది గుర్తుంచుకోవాలి. తర్వాత గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలు. పేరు, ఫోన్ నంబరు, కంపెనీ సొంత వెబ్‌సైట్ పేరుతో ఈమెయిల్ ఉండాలి. ఉచిత జీమెయిల్ చిరునామా ఇచ్చారంటే అనుమానించాలి. పాలసీ పేజీ ఏ వెబ్‌సైట్‌లో ఉందో కూడా చూడాలి. ఎవరైనా పది నిమిషాల్లో తయారు చేసుకోగలిగే ఉచిత పేజీలో ఉంటే, లేదా మధ్యలో వేరే కంపెనీ పేరు తగిలితే, ఆ పాలసీని ఎక్కడినుంచో ఎత్తి అతికించారని అర్థం. ఇది అరుదేమీ కాదు, పేరు మార్చడం కూడా మరిచిపోతుంటారు.

ఆఖరున పాలసీని అనుమతులతో పోల్చాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. ప్లే స్టోర్‌లో యాప్ పేజీలో ‘అబౌట్ దిస్ యాప్’ నొక్కి కిందికి వెళ్తే ‘యాప్ పర్మిషన్స్’ ఉంటుంది. అదే పేజీలో ‘డేటా సేఫ్టీ’ అనే భాగం కూడా ఉంటుంది. డేటా సేఫ్టీలో రాసింది యాప్ తయారుచేసినవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది, గూగుల్ తనిఖీ చేసి ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. మూడు చోట్లా ఒకే మాట ఉండాలి. పాలసీలో ఎస్సెమ్మెస్ ప్రస్తావనే లేకుండా పర్మిషన్లలో ఎస్సెమ్మెస్ చదివే అనుమతి కనిపిస్తే, లేదా డేటా సేఫ్టీలో ‘ఏమీ పంచుకోం’ అని, పాలసీలో ‘భాగస్వాములకు ఇవ్వవచ్చు’ అని ఉంటే, ఆ యాప్ వద్దు.

నోటీసు తెలుగులో వస్తుంది, కానీ అందులో అన్నీ ఉండవు

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ పునాది మీద ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023 వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలపై ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. అప్పటిదాకా 2011 నాటి ఐటీ నియమాలే దిక్కు. పాలసీని వెబ్‌సైట్‌లో పెట్టాలని, గ్రీవెన్స్ ఆఫీసర్ నెలలోపు ఫిర్యాదు పరిష్కరించాలని అవి చెబుతున్నాయి.

కొత్త చట్టంలో ఒక ఉదాహరణ ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. టెలీమెడిసిన్ (ఫోన్‌లోనే డాక్టరును సంప్రదించే) యాప్ ఒకటి వైద్యం కోసం వివరాలతో పాటు కాంటాక్టుల జాబితానూ అడిగింది, వాడే మనిషి రెండింటికీ సరేనంది. వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆమె సమ్మతి వైద్యానికి కావలసిన వివరాలకే పరిమితం అని చట్టం చెబుతోంది. అంటే టిక్కు పెట్టినంత మాత్రాన అన్నీ రాసిచ్చినట్టు కాదు. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలి, వాళ్ల కదలికల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపించడం కుదరదు. కోచింగ్ యాప్‌లకు ఇది పెద్ద మార్పే.

సమ్మతి అడిగేముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనో చదువుకునే వీలుండాలన్న నిబంధనతో తెలుగులో నోటీసులు వస్తాయి. మంచిదే. అయితే ఆ నోటీసులో ఏం ఉండాలని చట్టం అడుగుతోందో చూస్తే పాలసీ అవసరం తీరదని తెలుస్తుంది. ఏ సమాచారం తీసుకుంటారు, ఎందుకు, హక్కులు ఎలా వాడుకోవాలి, ఈ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డుకు ఫిర్యాదు ఎలా చేయాలి, ఇవీ అందులో ఉండాల్సినవి. ఎవరెవరికి పంచుతారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నవి నోటీసులో తప్పనిసరి కాదు. చట్టంలో ఉన్న పెద్ద లోటు ఇదేనని చెప్పాలి. ఆ వివరాల కోసం పాలసీ తెరవాలి, లేదా 11వ సెక్షన్ కింద, తన సమాచారం ఏయే సంస్థలకు వెళ్లిందో పేర్లతో చెప్పమని అడగాలి. ఇంకో సంగతి: ఎవరికివారు అందరికీ కనిపించేలా పెట్టుకున్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పబ్లిక్ ప్రొఫైల్‌లో పుట్టినతేదీ, ఫోన్ నంబరు పెట్టుకున్నవాళ్లకు వాటి విషయంలో ఈ చట్టం రక్షణ ఇవ్వదు.

కొద్దిమంది చదివినా చాలు

వాట్సాప్ 2021 జనవరిలో పాలసీ మార్చి, ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలని తెరమీద పెట్టింది. 2016లో మార్చినప్పుడు, ప్రకటనల కోసం ఫేస్‌బుక్‌తో పంచుకోవడం వద్దనుకునేవాళ్లకు 30 రోజుల అవకాశం ఇచ్చింది. 2021లో ఆ అవకాశమే లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఆ తేడా ఎత్తిచూపడంతో గొడవ మొదలైంది. సిగ్నల్, టెలిగ్రామ్‌లకు జనం ఎగబడ్డారు, గడువు మే 15కు జరిగింది. మన దేశంలో వ్యాపారాల మధ్య పోటీ సజావుగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ తనంతట తానే విచారణ చేపట్టి 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఏడాది తర్వాత అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ప్రకటనల కోసం సమాచారం పంచుకోవడంపై ఐదేళ్ల నిషేధాన్ని మాత్రం కొట్టేసింది. యూరప్‌లోని వాడుకరులకు వర్తించే పాలసీ అప్పుడు వేరు. అందుకే పాలసీ తెరిచినప్పుడు అది ఏ దేశానికి వర్తించేదో మొదటి పేరాల్లో చూసుకోవాలి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న కొడుకుకు వర్తించే హక్కులు గుంటూరులో ఉన్న తండ్రికి వర్తించకపోవచ్చు.

మార్పులన్నీ తెరమీద గంట కొట్టి రావు. ఉద్యోగ పరిచయాల సైటు లింక్డిన్‌లో సభ్యుల సమాచారంతో ఏఐకి శిక్షణ ఇచ్చే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉందని 2024 సెప్టెంబరులో సభ్యులే కనిపెట్టారు. పాలసీ పైన ఉండే చివరి సవరణ తేదీని చూడటం, పాత ప్రతి కావాలంటే వెబ్ పేజీల పాత ప్రతులు దాచే ‘వేబ్యాక్ మెషీన్’ సైటులో అదే పేజీ చిరునామా ఇచ్చి వెతకడం పెద్ద పనేమీ కాదు.

ఇప్పటికే ఒప్పేసుకుంటే

ఫోన్‌లో ఇప్పటికే ఉన్న యాప్‌ల దగ్గర మొదలుపెట్టాలంటే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్. కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్, లొకేషన్, మైక్రోఫోన్ వరసగా తెరిచి, ఎందుకిచ్చారో గుర్తురాని ప్రతి యాప్‌కూ ‘డోంట్ అలో’ పెట్టొచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉన్న ప్రైవసీ డ్యాష్‌బోర్డులో ఏ యాప్ ఎప్పుడు లొకేషన్ చూసిందో, మైక్ వాడిందో గంటలతో సహా కనిపిస్తుంది. లొకేషన్ తప్పనిసరైతే ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ చాలు. వాతావరణం చూపించే యాప్‌కు ఊరు తెలిస్తే సరిపోతుంది, ఇంటి గుమ్మం తెలియనక్కర్లేదు కాబట్టి ‘ప్రిసైజ్’ కూడా ఆపేయొచ్చు. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘ట్రాకింగ్’ తెరిచి యాప్‌ల విన్నపాలను మొత్తంగా ఆపేసే వీలుంది.

యాప్‌ను తీసేస్తే ఖాతా పోదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఖాతా సృష్టించే ప్రతి యాప్‌లోనూ దాన్ని చెరిపే దారి ఉండాలని యాపిల్, గూగుల్ రెండూ నిబంధన పెట్టాయి. ముందు ఖాతా చెరిపి, ఆ తర్వాతే యాప్ తీసేయాలి. దారి దొరకకపోతే పాలసీలోని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయాలి. నాలుగు వాక్యాలు చాలు: ఫలానా నంబరుతో ఖాతా ఉంది, నా సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను, నా సమాచారం చెరిపేయండి, చట్టం ప్రకారం ఉంచాల్సినవి ఏవైనా ఉంటే ఏ చట్టం కింద, ఎన్నాళ్లో రాయండి. గుర్తింపు కోసమంటూ ఆధార్ కాపీ పంపమంటే పంపక్కర్లేదు, ఖాతా తెరిచిన నంబరుకు ఓటీపీ పంపితే వాళ్లకు సరిపోతుంది.

రుణ సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అసలు లైసెన్సే లేని యాప్ అయితే అక్రమ ఆర్థిక సంస్థలపై ఫిర్యాదులు తీసుకునే సచేత్ పోర్టల్, బెదిరింపులూ డబ్బు పోవడమూ ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. వీటిలో దేనికి వెళ్లినా ముందు చేయాల్సింది ఒకటుంది: పాలసీ పేజీని, పర్మిషన్ల తెరను ఆరోజు తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా లేదా స్క్రీన్‌షాట్‌గా దాచుకోవడం. ఫిర్యాదు అందాక ఆ పేజీ మారిపోయే అవకాశం ఉంది.